మూడవ అంశం

కొత్తమొగలిపాలెం,
కోట మండలం.
శుక్రవారం, సెప్టెంబరు 26, 2025.

చిరంజీవి ఉషారాణికి,

కొత్తమొగలిపాలెం గ్రామ కట్టుబాటు సంఘం కార్యదర్శి హోదాలోనూ, మేనమామ హోదాలోనూ చిన్నపోలయ్య విడివిడిగా అందజేస్తున్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. ఆసుపత్రి చిరునామాకు రాసే ఉత్తరంలో ఆ వాక్యం పొసగదు గనుక వదిలివేశాను.

ప్రత్యుత్తరానికి ఒక పద్ధతి ఉన్నది. అందిన ఉత్తరం తేదీని మొదట పేర్కొనాలి. అది ఏ మార్గాన అందినదో తెలపాలి. అందులోని ప్రశ్నలను, అవి ఎంత అమర్యాదగా అడగబడినా, గుర్తించాలి. పూర్వచరిత్రను సమగ్రంగా వివరించాలి. ఆ తరవాతనే, అవసరమని తోస్తే, జవాబు ఇవ్వాలి. ఈ పద్ధతిని పాటించకపోవడం వల్లనే దేశంలో సగం తగాదాలు సరైన విచారణకు నోచుకోక, తొందరపడి తీరిపోతున్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ గ్రామపు తీర్మానాల పుస్తకం నా చేతిరాతలోనే నడుస్తున్నది. సునామీ వచ్చిననాడు సైతం నేను మొదట పుస్తకాన్ని, ఆ తరవాత మీ అత్తను మెరకకు చేర్చాను. మీ అత్త ఆ క్రమాన్ని నేటికీ మరిచిపోలేదు.

నీవు బుధవారం రాసిన ఉత్తరం కృష్ణపట్నం నుంచి వచ్చే మీ కంపెనీ బస్సు డ్రైవరు చేతి మీదుగా గురువారం ఉదయం అందినది. అందులో సంబోధన లేదు, సంతకం లేదు. “మామా, మా అమ్మ మాత్రలు ఎవరు ఆపించినారు? ఊరా, నువ్వా, లేకుంటే అమ్మేనా? నిజం కాగితం మీద రాసి పంపు. సోమవారం డాక్టర్లు కూర్చుంటారు. నీ తీర్మానాలు నాకొద్దు” అని మాత్రమే ఉన్నది.

నీ అవసరాన్ని నేను గ్రహించిన మేరకు నమోదు చేస్తున్నాను. రోగి తన ఇష్టంతో మందులు మానేసినదని మీ అమ్మ, అనగా మా అక్క నాగులమ్మ కేసు కాగితంలో డాక్టరు రాసుకున్నాడు. ఆమెకు ఇప్పుడు రక్తనాళంలోకి ఎక్కించే ఖరీదైన మందు కావాలి. దానిని ఆసుపత్రి ట్రస్టు ఉచితంగా ఇస్తుంది గాని, మధ్యలో మందులు మానేసే అలవాటున్న వారికి ఇవ్వదు. ఆమె తనంతట తాను మానలేదని రాతపూర్వకమైన రుజువు ఉంటే సోమవారం ఆలోచిస్తారు. లేకపోతే ఇప్పుడున్న మాత్రలనే ఎక్కువ మోతాదులో కొనసాగిస్తారు. వాటి వల్ల ఇప్పటికే చక్కెర పెరిగింది, ఎముకలు గుల్లబారుతున్నాయి, పుండ్లు మాత్రం మానడం లేదు. నీ అవసరం ఇదే అయితే, నాకు అర్థమైనదని భావించగలవు.

ఇక పూర్వచరిత్ర.

మార్చి నెలలో మా అక్క నోట్లో పుండ్లు లేచాయి. వేడి చేసిందని మజ్జిగ పోశాం. వక్కాకు మాన్పించాం. కోటలో పళ్ళ డాక్టరు ఒక పన్ను పీకాడు. ఆ పన్ను నిర్దోషి అని తరవాత తేలింది. రేవులో ఆమె గొంతు లేస్తే వేలం పాడేవాడు తన పాటను తానే మరిచిపోయేవాడు. అటువంటి మనిషి గంజి మింగడానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. జూన్‌లో వీపు మీద, రొమ్ము మీద నీటిబొబ్బలు వచ్చాయి. పల్చటివి, వేలు తగిలితే చితికేవి. చితికినచోట పచ్చిపుండు మిగిలేది. రవిక విప్పితే చర్మం కూడా దానితోపాటు వచ్చేది. గ్రామంలో మూడు అభిప్రాయాలు వ్యక్తమయ్యాయి. అమ్మవారు పోసిందని కొందరు, నాగదోషమని కొందరు, రొయ్యల గుంటల్లో చల్లే మందు అని కొందరు. మూడింటినీ నేను పక్షపాతం లేకుండా నమోదు చేశాను.

జూలైలో నీవు ఆమెను నెల్లూరు తీసుకొనిపోయి, చర్మం ముక్క పరీక్ష చేయించి, పెంఫిగస్ అనే పేరు తెచ్చావు. ఆ పేరు పలకడానికి సంఘానికి పెద్ద అయిన మన పెద్దకాపు మస్తానయ్యకు రెండు సమావేశాలు పట్టింది. ఒంటిని కాపాడవలసిన కావలివాళ్ళే, చర్మపు పొరలను పట్టి ఉంచే జిగురును పరాయిదనుకొని దాడి చేస్తారనీ, ఇది ఎవరి పాపమూ కాదనీ, ఎవరికీ అంటదనీ డాక్టరు చెప్పినట్టు నాకు వివరించావు. ఎందుకు మొదలైందో ఈమె విషయంలో తేల్చి చెప్పలేమని కూడా ఆయన అన్నాడు. కారణం తేలని కేసును నడపడం ఏం పద్ధతి అని నేను అడిగాను. నీవు నావైపు చూసిన చూపును నమోదు చేయలేదు. సొంతవాళ్ళెవరో తెలియని కావలివాడు ఎంత శ్రద్ధగా పనిచేస్తే అంత ప్రమాదమని డాక్టరు నీతో అన్నాడట. ఆ మాట నాకు నచ్చలేదు. శ్రద్ధను నిందించడం చదువుకున్న వారికి తగదు.

ఆగస్టు చివర ఆమెను ఇంటికి పంపిననాడు నీకు సెలవు దొరకలేదు గనుక నేనే వెళ్ళి తీసుకొచ్చాను. బొబ్బలు చాలావరకు మానిపోయాయి. మాత్రల వల్ల ముఖం ఉబ్బి గుండ్రమైంది. రేవులో ఆమె పక్కన కూర్చునే వెంకటశేషమ్మ, “ఏమే నాగులా, ఆస్పత్రిలో నెలంతా బిర్యానీ పెట్టినట్టుండారే” అన్నది. “నువ్వూ పుండ్లు తెచ్చుకో, నీ పేరు చెప్పి పెట్టిస్తా” అని మా అక్క బదులిచ్చింది. అంతటితో ఆ విషయం ముగిసింది. మరునాటి నుంచి నాగులమ్మ చేపల గంప మళ్ళీ రేవు ఇసుకలోకి వచ్చింది.

ఐతే వేళ్ళ మీద రెండు మూడు బొబ్బలు ఇంకా మిగిలి ఉన్నాయి. కోట నుంచి వచ్చే బేరగాళ్ళు వాటిని చూశారు. “ఆ చేతులతో ఏరిన కానాగంత చేపలు మాకొద్దు” అన్నారు. నాలుగు రోజుల్లో ఆమె గంప దగ్గరే కాదు, మన రేవు మొత్తంలోనే బేరం పలచబడింది. పైగా పోలేరమ్మ జాతర చాటింపు దగ్గరపడింది. సెప్టెంబరు ఆరో తేదీన వలల షెడ్డులో సమావేశం జరిగి, మూడు అంశాల తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడినది. పుండ్లు మానేవరకు నాగులమ్మ గంప రేవుకు తేరాదు. తాగునీటి కడవ వేరుగా పెట్టుకోవాలి. వచ్చింది అమ్మవారే అయిన పక్షంలో ఆమెకు ఆగ్రహం కలగకుండా, చాటింపు మొదలు తొమ్మిది రోజులు ఇంగ్లీషు మందులు వాడకుండా సంఘం వద్ద భద్రపరచుకోవచ్చును. ఈ మూడవ అంశం ఆజ్ఞ కాదనీ, గ్రామం ఇచ్చిన సలహా మాత్రమేననీ గమనించగలవు.

ఆ సలహాను మా అక్కకు నేను స్వయంగా తెలియజేశాను. ఆమె స్వచ్ఛందంగా మందులు అప్పగించింది. మాత్రల పట్టీలు తొమ్మిది, పూతమందు గొట్టం ఒకటి, ఆసుపత్రి చీటీ ఒకటి, సంఘం బీరువాలో భద్రపరచడమైనదని రసీదు ఇచ్చాను. ఆమె రసీదు చదవలేదు. “నువ్వు రాసినావు గదా, చాల్లే” అన్నది.

ఆరవనాడు ఉదయం ఆమె కుళాయి దగ్గర పడిపోయింది. ఆ తరవాతి సంగతులు నీకే బాగా తెలుసు. వారాల తరబడి ఆ మాత్రలు వాడిన ఒళ్ళు, తాను తయారుచేసుకోవలసినదాన్ని తయారుచేయడం మానుకుంటుందట. మాత్ర ఒక్కసారిగా ఆగితే రక్తపోటు పాతాళానికి పోతుందట. ఇటు అణిగి ఉన్న జబ్బు రెట్టింపుగా తిరగబడి, వీపంతా ఒకటే పుండైంది. ఆ పుండులోంచి చీము రక్తంలోకి పోయింది. నాలుగు రోజులు ఆమె ఐసీయూలో ఉన్నది. దుప్పటి అంటుకొని చర్మం ఊడుతున్నదని అరిటాకులు పరిచి పడుకోబెట్టారు.

నేను చూడటానికి వచ్చినప్పుడు ముక్కుకు తువాలు కట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డాను. నర్సు కెజియా నన్ను చూసి, “తువాలు ఎందుకన్నా, ఆమె నుంచి నీకేం రాదు. నీనుంచే ఆమెకి ఏదైనా రావాల. చేతులు కడుక్కోని లోపలికి రా” అన్నది. నేను రాలేదు. అప్పుడే డాక్టరు వచ్చి, మాత్రలు ఎవరు ఆపమన్నారని మా అక్కను అడిగాడు. ఆమె కాసేపు తలుపు వైపు చూసి, “నేనే సార్. నోరు చేదుగా ఉండె, మానుకున్నా” అని చెప్పింది. రోజూ వేసుకుంటున్నానని ఫోనులో ఎందుకు అబద్ధం చెప్పావని నీవు ఆమె మీద కోప్పడ్డావు. ఆమె కళ్ళు మూసుకున్నది. పెద్దవాళ్ళు ఒక మాట చెప్పిన తరవాత చిన్నవాళ్ళు దానిని ఖండించడం మర్యాద కాదు గనుక నేను ఏమీ అనలేదు. ఆమె నాకంటే ఆరేళ్ళు పెద్ద.

కావున నీ ప్రశ్నకు సంఘం జవాబు ఈ విధంగా ఉన్నది. మాత్రలు ఆపడం గ్రామం సలహా మేరకు, నాగులమ్మ పూర్తి సమ్మతితో జరిగినది. ఆమె స్వయంగా డాక్టరుకు ఇచ్చిన వాంగ్మూలానికి విరుద్ధమైన ధ్రువపత్రం కావాలంటే తిరిగి సమావేశం జరగాలి. అందుకు సంఘం పెద్దలైన ఐదుగురు కాపులు హాజరు కావాలి. పెద్దకాపు మస్తానయ్య పడవ మీద ఉన్నాడు. మరో ఇద్దరు వలలు కొనడానికి మద్రాసు వెళ్ళారు. నీవు సంతకంతో కూడిన దరఖాస్తు పంపితే అక్టోబరు సమావేశంలో సానుభూతితో పరిశీలించబడుతుంది. సోమవారం అనే గడువు సంఘం విధించినది కాదు గనుక సంఘాన్ని బంధించదు.

ఇతర విశేషాలు. ఈ వారం నెత్తళ్ళు బాగా పడ్డాయి. రేవులో మీ అమ్మ కూర్చునే చోటు ఖాళీగానే ఉన్నది. అక్కడ కూర్చోమని వెంకటశేషమ్మకు నేను సూచించాను. ఆమె నాతో మాట్లాడలేదు. మీ అత్త కూడా పది రోజులుగా అవసరమైనంత మేరకే మాట్లాడుతున్నది. నాకు అన్నం సహించడం లేదు. వాతావరణం కారణం కావచ్చును.

మీ అమ్మకు నా నమస్కారాలు తెలుపగలవు.

ఇట్లు,
జి. చిన్నపోలయ్య,
కార్యదర్శి.

తాజాకలం: 

ఉషా, ఈ ఉత్తరాన్ని మడిచి, కవరు అంటించి, మధ్యాహ్నం బస్సు దగ్గరకు తీసుకొచ్చాను. డ్రైవరు చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేకపోయాను. “ఏం పెద్దాయనా, ఇస్తావా ఇయ్యవా, నాకు టైమవతాంది” అన్నాడు. సాయంత్రం బస్సుకు ఇస్తానని చెప్పి పంపేశాను. కవరు చించి, ఇక్కడే బస్సు షెడ్డు అరుగు మీద కూర్చొని రాస్తున్నాను. పైన రాసినదానిలో తేదీలు నిజం. నీవు అడిగినదానికి ఇచ్చిన జవాబు మాత్రం నిజం కాదు.

మూడవ అంశాన్ని ఊరు ఆమోదించలేదు. అటువంటి అంశం ఒకటి ఉన్నదని ఊరికి తెలియదు. ఆనాడు షెడ్డులో మస్తానయ్య అన్నది ఇంతే. “నాలుగు దినాలు రేవుకి రావద్దని చెప్పండి. కడవ వేరే పెట్టుకోమనండి. మందుల జోలికి మనం పోవద్దబ్బా, అది డాక్టరు చూసుకుంటాడు.” అందరూ లేచి వలల దగ్గరికి పోయారు. నేను ఒక్కడినే కూర్చొని పుస్తకంలో రాశాను. రెండు అంశాలకే అయిపోయింది. కింద అర పేజీ తెల్లగా మిగిలింది. నా తీర్మానాలు ఎప్పుడూ మూడు అంశాలకు తగ్గలేదు. రెండంటే ఏదో తొందరలో ముగించినట్టుగా కనిపించింది. జాతర వస్తున్నది కదా అని అమ్మవారి పేరు పెట్టి మూడవది నేనే చేర్చాను. రాత చాలా బాగా కుదిరింది. రాసిన తరవాత అది నేను రాసినదని మరిచిపోయి, ఊరి మాటగా తీసుకొనిపోయి మా అక్కకు వినిపించాను.

ఇది ఒకటి. రెండవది దీనికంటే ఎక్కువ.

పట్టీలు తెచ్చి నా చేతిలో పెట్టేటప్పుడు ఆమె ఆసుపత్రి చీటీ విప్పి చూపించింది. “రే పోలయ్యా, ఈడ డాక్టరు ఎర్రగీత కొట్టినాడే, దాంట్లో ఏముండాదిరా” అని అడిగింది. అది ఇంగ్లీషులో ఉన్నది. నేను రెండుసార్లు చదివాను. ఈ మాత్రలను హఠాత్తుగా ఆపరాదు, ఆపితే ప్రాణాపాయం అని ఉన్నది. నాకు స్పష్టంగా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి ఈ మూడు వారాలూ ప్రయత్నించాను, కుదరలేదు. అర్థమైందని ఒప్పుకుంటే వెనక్కి పోయి పుస్తకంలో ఒక అంశం కొట్టెయ్యాలి, ఎందుకు కొట్టేశావని నలుగురూ అడుగుతారు. అందుకని, “అన్నం తిన్నాక వేసుకోమని రాసినాడక్కా” అని చెప్పాను. “సరేరా, ఈ తొమ్మిది దినాలూ అన్నం తిన్నాక ఏమీ వేసుకోనులే” అని ఆమె నవ్వింది. నీవు ఫోను చేస్తే వేసుకుంటున్నానని చెప్పమన్నదీ నేనే. జాతర రోజుల్లో నీవు ఊళ్ళోకొచ్చి గొడవ పెట్టుకుంటావని భయపడ్డాను.

మాత్రలు ఆగిన రెండోనాటికే ఆమె నడుస్తూ గోడ పట్టుకున్నది. నాలుగోనాడు పెదవులు మళ్ళీ పగిలాయి. ఆ రోజు నేను బీరువా దాకా పోయి, తాళం తీసి, పట్టీలు లెక్కపెట్టి, తొమ్మిదీ సరిగ్గా ఉన్నాయని చూసుకొని మళ్ళీ తాళం వేశాను.

డాక్టరుతో నేనే మానుకున్నానని ఆమె చెప్పింది ఊరి పరువు కోసం, నా కోసం. తమ్ముడు ఊరి మాటకు కట్టుబడి మోసపోయాడని ఆమె అనుకుంటున్నది. ఎర్రగీత సంగతి ఆమెకు తెలియదు. తెలిసినా అదే చెప్పేదేమో నాకు తెలియదు. అది ఆమెను అడగకుండా నేను నిర్ణయించవలసిన విషయం కాదు.

పుస్తకంలోంచి ఆ పేజీ చించి ఇందులో పెడుతున్నాను. మూడవ అంశం పక్కన “ఇది సంఘం మాట కాదు, నా మాట” అని రాసి సంతకం చేశాను. బీరువాలో ఉన్న ఆసుపత్రి చీటీ, ఎర్రగీతతో సహా, జతచేశాను. డాక్టర్లకు చూపించు. నాగులమ్మ తన ఇష్టంతో ఒక్క మాత్ర కూడా మానలేదు. ఆమె చేతిలోంచి మందు తీసుకొని, ఆపరాదని తెలిసీ ఆపించినవాడు ఆమె తమ్ముడు చిన్నపోలయ్య. పై ఉత్తరాన్ని కూడా చించవద్దు. నా వాంగ్మూలం ఎంతవరకు నమ్మదగినదని అడిగితే, రెండూ పక్కపక్కన పెట్టు. నన్ను ఏ విధంగా విచారించినా నాకు అభ్యంతరం లేదు.

సోమవారం ఉదయం మొదటి బస్సుకు వస్తాను. డాక్టర్లు అడిగితే వాళ్ళ ముందు చెబుతాను. అక్కకు ఎర్రగీత సంగతి నేను నోటితో చెప్పాలి. నాకంటే ముందు నీవు చెప్పదలిస్తే చెప్పు. ఆమె నన్ను చూడనంటే వార్డు బయట బల్ల మీద కూర్చుంటాను. చేతులు కడుక్కునే వస్తాను.

సాయంత్రం బస్సు వంపు తిరిగింది. ఈలోగా ఇక్కడే సమావేశం జరిపాను. హాజరు ఒక్కరు. ఆమోదించిన తీర్మానం ఇది. ఇకమీదట ఈ గ్రామంలో ఎవరి ఒంటి మీద ఏ బొబ్బ లేచినా, ఆ మనిషిని ఉన్నచోటనే ఉండనిచ్చి, మందు మింగనిచ్చి, కార్యదర్శిని తొమ్మిది రోజులపాటు ఊరి పొలిమేర బయట కూర్చోబెట్టవలెను. అతనికి అన్నం పెట్టవచ్చును, కలం ఇవ్వరాదు. ఈ తీర్మానానికి అంశం ఒక్కటే. ఇదే తుది నిర్ణయం.